చింపని సీలు

ఒర్లియంపేటలో ఎం. పట్టాభి చేత సంతకం పెట్టించాలంటే ఒక పూట పోయేది. గ్యాసు బండ రసీదైనా సరే, మొదటి అక్షరం నుంచి చివరి చుక్కదాకా చదివి, ఆ చుక్క ఎందుకు పెట్టారో కూడా అడిగి, అప్పుడు పెన్ను తీసేవాడు. అంతా వాళ్ళ నాయన వల్ల వచ్చింది. ఊరు ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న కాలంలో ఆయన సైకిలు లైసెన్సుకని పోయి, చూపించినచోట సంతకం పెట్టి వచ్చాడు. తీరా చూస్తే అది పట్టాళంలో చేరే కాయితం. సైకిలు ఇంట్లోనే ఉండిపోయింది, ఆయన మాత్రం సముద్రం అవతల సైగోనులో అయిదేళ్ళు ఫ్రెంచి సిపాయిగా ఉన్నాడు. తిరిగొచ్చి టైపు ఇన్‌స్టిట్యూటు పెట్టాడు. పోయేముందు కొడుక్కి ఒకే మాట చెప్పాడు: "లోపల ఏముందో తెలీకుండా సరే అనొద్దురా."

ఎనభై ఎనిమిదో సంవత్సరానికి ఆ ఇన్‌స్టిట్యూటులో ఆరు టైపు మిషన్లకు ఇద్దరు పిల్లకాయలు మిగిలారు. ఊరంతా కంప్యూటరు జపమే. పట్టాభి మద్రాసు నుంచి ఒకటి తెప్పించాడు. దానికి కావలసిన సాఫ్ట్‌వేరంతా కంపెనీవాళ్ళే లోపల ఎక్కించి పంపారు. ఎనిమిదిమంది ఆడపిల్లలు పేర్లిచ్చారు. విజయదశమి పొద్దున పాఠం మొదలు. ఆ రోజు తప్పితే వాళ్ళు వేరేచోటికి పోతారు, నాయన పెట్టిన ఇన్‌స్టిట్యూటుకు ఇక తాళమే.

మూడు రోజుల ముందు ఆయుధ పూజకని శుభ్రం మొదలైంది. పట్టాభి పెళ్ళాం ప్రేమ టైపు మిషన్లన్నీ కిరసనాయిలు గుడ్డతో తుడిచి కంప్యూటరు వైపు తిరిగింది.

"దానికి తడి తగలకూడదే! పైన నేను తుడిచేసినాలే" అన్నాడు పట్టాభి.

"పైన తుడిస్తే సరా? లోపల ఎవురు తుడిచేది?"

నిజమే గదా అనిపించింది పట్టాభికి. పూజలో కూర్చోబెట్టే వస్తువు, లోపల మాత్రం మురికిగా ఉండొచ్చునా? కంప్యూటరుతో వచ్చిన పుస్తకం తిరగేస్తే లోపల ఉన్నదంతా తీసేసే కమాండు దొరికింది. కొట్టాడు. నిశ్చయంగానేనా అని తెర మీద ఇంగ్లీషులో అడిగింది. చదవకుండా ఒప్పుకునే మనిషి కాదు గదా, రెండుసార్లు చదివి, నిశ్చయంగానే అని మీట నొక్కాడు.

ఆ పైన కంప్యూటరు లేవలేదు. నల్లటి తెర మీద చిన్న గీత ఒకటి మిణుకుమిణుకుమంటూ కూర్చుంది.

"ఇంత శుభ్రం నేను యాడా చూళ్ళేదు" అంది ప్రేమ.

మందులషాపుకు పోయి మద్రాసుకు ఫోను చేస్తే, కంపెనీ మనిషి వరదరాజన్ నవ్వాడు. "భయపడకండి సార్. సీలు వేసిన కవరు ఒకటి పంపామే, దాంట్లో సాఫ్ట్‌వేరు ఫ్లాపీలున్నాయి. మళ్ళీ ఎక్కిస్తే మొదట్లా అయిపోతుంది. సీలు చింపండి, అంతే."

పట్టాభి ఇంటికొచ్చి కవరు తీశాడు. సీలు కింద చీమల్లాంటి అక్షరాలు: ఈ సీలు చింపితే లోపలి లైసెన్సు షరతులన్నిటికీ ఒప్పుకున్నట్టే. చెయ్యి ఆగిపోయింది. మళ్ళా మందులషాపు.

"షరతులు యాడ ఉండాయి?"

"కవరు లోపల సార్."

"చదవాలంటే?"

"చింపాలి."

"చింపితే?"

"ఒప్పుకున్నట్టు."

"మరి ఒప్పుకోవాల్నా వద్దా అని నాకెట్ట తెలిసేది?"

"ఇంతవరకూ ఎవరూ అడగలేదు సార్."

ఒకప్పుడు రేడియోకు లైసెన్సు ఇచ్చింది పోస్టాఫీసే గదా అని మర్నాడు అక్కడికి పోయాడు. కౌంటర్లో మణియమ్మ కవరును అటూ ఇటూ తిప్పింది. "రేడియో లైసెన్సే ఎత్తేశారు అణ్ణా. ఇది పాడతాదా?"

"ఇప్పుడు ఏమీ చెయ్యదు."

"ఏమీ చెయ్యనిదానికి లైసెన్సు ఎందుకంట?"

ఆయుధ పూజ వచ్చేసింది. కంప్యూటరుకు, కవరుకు కూడా ప్రేమ బొట్లు పెట్టింది. పూజలో పెట్టినవి ఆ రోజు ముట్టరాదు. పట్టాభి బొరుగులు నములుతూ నాయన పటం వైపు చూస్తూ కూర్చున్నాడు.

విజయదశమి పొద్దున ఎనిమిదిమందీ తలస్నానాలు చేసి వచ్చేశారు. వాళ్ళలో పెద్దది హేమావతి. "ఏంది సార్, కంప్యూటరుకు ఇంకా తెల్లారలేదా?" అంది. తతిమ్మావాళ్ళు కిసుక్కుమన్నారు.

అప్పుడే పక్కింటి అయ్యాసామి పూజలో పెట్టిన శనగల సుండలు కోసం వచ్చాడు. ముప్పై ఏళ్ళు నోటరీ దగ్గర గుమాస్తాగా ఉండి, సీలు వేసిన వీలునామాల మధ్యే నెరిసిన మనిషి. సంగతంతా విని, సుండలు నములుతూనే అడిగాడు.

"ఏం చింపితే ఒప్పుకున్నట్టని రాశాడు?"

"సీలు, మామా."

"సీలు యాడుంది?"

"పైన."

"అడుగు గురించి ఏమన్నా రాశాడా?"

పట్టాభి రెండుసార్లు చదివాడు. "లేదే!"

ప్రేమ అప్పటికే కత్తిపీట తెచ్చేసింది. బెండకాయ తొడిమె తీసినంత సుళువుగా కవరు అడుగు కోసింది. ఫ్లాపీలు రాలాయి, వాటి వెనకే షరతుల కాయితం. పట్టాభి ఆ కాయితం ఆఖరి చుక్కదాకా చదివాడు. సైగోను మాట ఎక్కడా లేదు. గుండె కుదుటపడి ఫ్లాపీలు ఒక్కొక్కటే పెట్టాడు. గంట తర్వాత తెర మీద అక్షరాలు వచ్చాయి. పిల్లలు చప్పట్లు కొట్టబోయారు.

"ఉండండి!" అన్నాడు పట్టాభి. "నాలుగో షరతు. ఒక సమయంలో ఒక్కరే వాడాల."

"మేం ఊరికే చూస్తాం సార్."

"చూస్తే వాడినట్టా కాదా అని రాయలేదు. ఎందుకైనా మంచిది, అటు తిరగండి."

అట్లా హేమావతి కంప్యూటరు ముందర, ఏడుగురు గోడకు ముఖం పెట్టి మొదటి పాఠం జరిగింది. వీధిన పోయేవాళ్ళు కిటికీలోంచి చూసి నోరు వెళ్ళబెట్టారు. అంత గుట్టు చదువా అని దీపావళిలోపు ఇంకా పద్దెనిమిదిమంది చేరారు. గోడ చాలక పట్టాభి పెరటి గోడక్కూడా సున్నం కొట్టించాడు.

ఆ కవరుకు చట్రం కట్టి నాయన పటం పక్కనే తగిలించాడు. అడుగు తెరుచుకుని ఉంది, సీలు మాత్రం చెక్కు చెదరలేదు. ఎవరైనా అడిగితే పట్టాభి కళ్ళజోడు సర్దుకుని చెప్పేవాడు:

"ఇంకా ఒప్పుకోలేదు. ఆలోచిస్తా ఉండా."