ఊగని వీడియో

పర్చూరులో ఒక ఫోటో స్టూడియోలో వీడియో ఎడిటింగ్ చేస్తాను. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, బాప్తిస్మాలు. ఎవరి చెయ్యి ఎంత వణికినా నా దగ్గరికొచ్చాక బొమ్మ కుదురుకోవాల్సిందే. మేనమామలు మందుకొట్టి తీసిన బరాతులను కూడా దారిలో పెట్టినదాన్ని. అందుకే నాన్న పోయాక, ఆయన్ని తల్చుకునే ఆదరణ కూడికలో వెయ్యడానికి వీడియో చెయ్యమని పాస్టరుగారు అడిగితే మామూలు పనిలాగే మొదలుపెట్టాను. ఏడుపు రాలేదు. అందరూ దాన్ని ధైర్యమన్నారు. ధైర్యమూ కాదు, పాడూ కాదు. లోపల ఏమీ లేదు, అంతే.

నాన్న ఫోటోలన్నిట్లో ఆధార్ కార్డు మొహమే. వీడియో ఒక్కటే ఉంది. అందులోనూ ఆయన లేడు, అది ఆయన తీసింది. మిరపకాయల కల్లంలో అమ్మ తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతుంటే, దూరం నుంచి ఆమె దగ్గరికి నడుస్తూ ఫోన్లో తీశాడు. ఎడమకాలు ఈడ్చి నడిచేవాడు కాబట్టి అడుగడుక్కీ బొమ్మ ఎడమకి ఒరిగి మళ్లీ లేస్తుంది. అమ్మ తలెత్తి, "చాల్లే, పోయి పని చూసుకోవయ్యా" అంటుంది. అక్కడితో అయిపోతుంది. దాన్ని పెద్ద తెర మీద చూడాలని అమ్మ అడిగింది. ఆ వారమంతా ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

కుదుపు తీసే బటన్ నొక్కాను. సాఫ్ట్‌వేర్ అంచులు కోసేసి, ఒరుగుడంతా సాపు చేసింది. కెమెరా పట్టాల మీద వెళ్లినట్టు అమ్మ దగ్గరికి వెళ్లింది. మా ఓనరు కూడా బాగా వచ్చిందన్నాడు.

కూడికకి ముందు ఇంట్లో అమ్మకి చూపించాను. కళ్లజోడు తుడుచుకుని మరీ చూసింది.

"ఎవరు తీశారే ఇది?" అంది.

"నాన్నే కదమ్మా."

"మీ నాన్న అట్టా ఎప్పుడు నడిచాడే?"

నాకు ఒళ్లు మండింది. సాఫ్ట్‌వేర్ మీదో, అమ్మ మీదో తెలియలేదు. ఆమె మాత్రం కళ్లజోడు తీసి పక్కన పెట్టేసింది.

కూడికలో అసలుదే వేశాను. తెర ఎడమకి ఒరిగింది, లేచింది, మళ్లీ ఒరిగింది. "కూతురు ఎడిటింగ్ చేస్తదంట, ఇట్టా ఊగుద్దేంటి?" అని వెనక కుర్చీల్లో ఎవరో గొణిగారు. నేను తల తిప్పలేదు. పక్కన అమ్మ తల కూడా తెరతోపాటే కొంచెం కొంచెం ఒరుగుతోంది.

నా చెయ్యి పట్టుకుంది.

"ఆఁ," అంది. "వస్తన్నాడు."