ముగ్గు తొక్కకుండా మూడు సుట్లు

మోకాలి ఆపరేషన్ అయ్యాక అమ్మ నెల రోజులుగా వరండా దాటలేదు. రోజూ నడవాలన్నారు డాక్టరు. మా నాచారం రోడ్డు మీద, మల్లాపూర్ వెళ్లే లారీల మధ్య ఆవిడని ఎలా నడిపించను? అందుకే పెరట్లో చెట్ల కింద పొదలన్నీ కొట్టించి, నడక దారి వేయిద్దామనుకున్నాను. ఈ రోజు పొద్దున్నే ముగ్గుపిండి తీసుకుని, అటూ ఇటూ గీతలతో, మలుపులు తిప్పుతూ మహా అందంగా దారి గీసి ఆఫీసుకి వెళ్లాను. రేపు మేస్త్రి వచ్చి దాని మీద బండలు పరవాలి.

సాయంత్రం వచ్చి చూస్తే నా ముగ్గు చెక్కుచెదరలేదు. దానికి దూరంగా, వేపచెట్ల నీడ వెంట ఎండుటాకులు నలిగి ఇంకో దారి పడి ఉంది. సీతాఫలం చెట్టు కింద మా బకెట్ బోర్లించి ఉంది.

పక్కింటి యాదమ్మని అడిగితే నన్నే కసిరింది.

"ముగ్గు ఎవరన్న తొక్కుతరా సారూ? అందుకే అమ్మను చెయ్యి పట్టుకొని నీడ పొంటి నడిపిచ్చిన. మూడు సుట్లు తిరిగింది. ఆడ ఆయాసమొస్తే బకెట్ మీద కూసోవెట్టిన."

మూడు చుట్లు! నేను ఎంత బతిమాలినా వరండా దాటని మనిషి!

చీపురు తెచ్చి నా ముగ్గంతా ఊడ్చేశాను. బండలు వాళ్లు నడిచిన దారి మీదే, బెంచీ బకెట్ ఉన్నచోటే. డ్రాయింగ్ బాగుందని మురిసిపోయి దెబ్బతిన్నవాళ్లెవరైనా ఉంటే నన్ను కాస్త ఓదార్చండి.

అమ్మ మాత్రం ఇందాకట్నుంచి ఒకటే అడుగుతోంది: "రేపు యాదమ్మ ఎన్నింటికి వస్తుందిరా?"