మూడున్నరకు మూసుకునే జాబితా

గని ఆఫీసులో నా పని హాజరు చూడడం. ఫస్టు షిఫ్టు మధ్యాహ్నం మూడింటికి ముగుస్తుంది. కార్మికులు గనిలోకి దిగేముందు ఒకసారి, పైకొచ్చాక ఒకసారి గేటు దగ్గరి మిషన్ మీద వేలు పెడతారు. రెండూ ఉంటేనే ఆ రోజు మస్టరు పడ్డట్టు. ఆ వివరాలన్నీ కంప్యూటర్లోకి లాగి, జాబితా చేసి, పై ఆఫీసుకు పంపేసరికి నాకు పొద్దుగూకేది.

ఒక ఆదివారం కూర్చుని ఆ పనికి చిన్న స్క్రిప్టు రాశాను. రోజూ మూడున్నర కాగానే కంప్యూటర్ తనంతట తానే వివరాలు లాగి, జాబితా కట్టి పంపేస్తుంది. వరుసగా నాగాలు కనిపిస్తే నోటీసు కూడా అదే తయారుచేస్తుంది, సంతకం ఒక్కటే ఆఫీసరుది. మొదటి రోజు చేతులు కట్టుకుని తెర ముందు నిలబడ్డాను. జాబితా దానికదే వెళ్లిపోయింది. నాలుగు రోజులు అందరికీ గొప్పలు చెప్పుకున్నాను, ఐదో రోజు నుంచి అటు చూడడమే మానేశాను. నిజం చెప్పాలంటే, చూడకుండా ఉండొచ్చనే కదా రాసుకున్నది!

మూడు వారాల తర్వాత ఒక కార్మికుడు నోటీసు పట్టుకుని నా కిటికీ దగ్గరికి వచ్చాడు. గని అడుగున నీళ్లు తోడే పంపు దగ్గర ఆయన డ్యూటీ. రిటైర్మెంటు దగ్గర పడింది, మోకాళ్ల నొప్పులని ఎప్పుడూ ఫస్టు షిఫ్టే ఇస్తారు.

"గిదేంది బిడ్డా? ఒక్క నాగా పెట్టలే నేను. పద్దెనిమిది దినాలు రాలేదని రాసిండ్రు."

అంతకుముందు ఏడాది భార్య దవాఖానలో ఉన్నప్పుడు ఆయన నిజంగానే చాలా నాగాలు పెట్టాడు. అప్పుడొక నోటీసు వచ్చింది. ఇది రెండోది. రెండోది ఖాయమైతే ఉద్యోగం పోయినట్టేనని మా దగ్గర అందరికీ తెలుసు.

తెర మీద ఆ జాబితాలు తెరిచి చూస్తే అన్ని రోజులూ దిగినట్టు ఉంది, ఎక్కినట్టు లేదు. అప్పుడు తట్టింది. పంపు మనిషి మూడు కాగానే బయల్దేరడానికి వీల్లేదు. తర్వాతి షిఫ్టు మనిషి లోపలికి నడిచొచ్చి పంపు దగ్గర నిలబడేదాకా ఆయన అక్కడే ఉండాలి, లేదంటే నీళ్లు నిండుతాయి. ఆ తర్వాత ఆ మోకాళ్లతో పైకి వచ్చేసరికి నాలుగు దాటుతుంది. చేత్తో చేసిన రోజుల్లో నేను ఆయన కోసం ఆగేదాన్ని. నాకు ఎవరూ చెప్పలేదు, ఎక్కడా రాసి లేదు. చాయ్ తాగుతూ కూర్చుని, ఆయన వేలు పెట్టాకే జాబితా మూసేదాన్ని. ఆ ఆగడం కూడా నా పనిలో భాగమని స్క్రిప్టు రాసేటప్పుడు నాకు తోచనే లేదు.

ఆఫీసరు దగ్గరికి వెళ్లి తప్పు నాదేనని కాగితం రాసిచ్చాను. ఆయన తిట్టాల్సినంతా తిట్టి నోటీసు రద్దు చేశాడు. స్క్రిప్టు టైమును ఐదింటికి మార్చి, కిటికీ అవతల బల్ల మీద కూర్చున్న మనిషికి జరిగిందంతా చెప్పాను.

"ఇగ ఫికర్ చెయ్యకు కాకా. నీ నౌకరికి ఏం కాదు."

ఆయన నోటీసును నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు కానీ లేవలేదు.

"గది సరే బిడ్డా. దిగినట్టు ఉన్నది, ఎక్కినట్టు లేదు. పద్దెనిమిది దినాలు. గట్లుంటే మనిషి డ్యూటీకి రాలేదనుకుంటరా, లోపల్నే ఉండిపోయిండనుకుంటరా?"

"దిగేటప్పుడు మనిషికొక దీపం ఇస్తరు, అవి వాపస్ ఇచ్చేటప్పుడు లాంపు రూంల లెక్క చూస్తరు గద కాకా," అన్నాను.

"ఆళ్లు చూస్తరు. నువ్వు?"

"చూడలే కాకా," అన్నాను.