కొత్త మొలతాడు

పత్తికొండ కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో నా షుగరు పరీక్ష చీటీ మీద ‘బార్డర్’ అని రాసిచ్చారు. మా నాయనకు షుగరుతోనే కాలు తీసేశారు. ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం లేడు. అందుకని ఆ ఒక్క మాటను కొంచెం శ్రద్ధగానే చదివాను.

మా వీధిలో బార్డర్ వాళ్లు పదిమంది తేలారు. ఆస్పత్రి నర్సమ్మ మమ్మల్ని ఒక గుంపు చేసి, టమోటా మార్కెట్లో కాయలు ఏరే అక్కను పెద్దగా పెట్టింది. అక్క చదివింది ఐదో తరగతి. నేను ఎమ్మెస్సీ, అదీ జంతుశాస్త్రం. ఎవరి మాట ఎవరు వినాలో మొదటి రోజే తేలిపోయింది.

తెల్లారి అందరం నడవాలి. ఇద్దరిద్దరు జత, ఒకరి కంచం మీద ఇంకొకరి కన్ను. నా జత టైలరన్న. నడుం కొలవడానికి ఆయన దగ్గర టేపుంది కానీ అక్క ఒప్పుకోలేదు.

“టేపు దినామూ ఎవురు చూస్తారప్పా? మొలతాడైతే మీతోనే ఉంటాది. ఈపొద్దు ముడేసుకోండి. ఆర్నెల్లు మార్చద్దండి.”

ఆడవాళ్లకు జాకెట్టే కొలత. వాటి కుట్లు వదులు చెయ్యనని టైలరన్న మాటిచ్చాడు.

కొర్రన్నం షుగరుకు మంచిదని విని, మందే కదా అని రెండింతలు తిన్నాను. రెండో నెలకు తాడు ఒరుసుకోసాగింది. అంగట్లో కొత్తది కొని కట్టుకుని, గుంపు మీటింగులో ధైర్యంగా చొక్కా ఎత్తాను.

“ఏమప్పా సారూ, తాడు కొత్తది, బొజ్జ పాతదే!” అన్నాడు టైలరన్న. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. నా చొక్కా కిందికి లాగి, మెల్లగా అన్నాడు: “మొలతాడు తెంపేది కాట్లో, పీనుగకు గదప్పా. మీ నాయనది తెంపింటే చూసినావు. నీకేం అంత తొందర?”

అక్క మాత్రం గట్టిగానే అనింది: “కొర్రలు మంచివే. కుండెడు తినమని ఎవురు చెప్పిరి?”

మిగిలిన నాలుగు నెలలు రాత్రి భోజనం టైలరన్న అరుగు మీదే. వదిన ఒక్క గరిటె వడ్డించి గిన్నె మూసేది. అంత తక్కువ తిని అంత నవ్విన రోజులు నాకు మళ్లీ రాలేదు. ఆర్నెల్ల చీటీలో ‘బార్డర్’ లేదు.

ఇప్పుడు కర్నూల్లో ఉంటున్నాను. పార్కులో అందరూ ఫోన్లలో అడుగులు లెక్కపెట్టుకుంటూ నడుస్తారు. నా కంచంలోకి ఎవరూ తొంగిచూడరు. డాక్టరు కూడా కాగితమే చూస్తాడు.

ఈమధ్య తాడు మళ్లీ ఒరుసుకుంటోంది. మొన్న టైలరన్న ఫోన్ చేశాడు.

“తాడెట్లుండాది?”

“వదులుగానే ఉందన్నా.”

“వీడియో పెట్టప్పా, చూస్తా.”

పెట్టలేదు. ఆదివారం పత్తికొండ బస్సెక్కాను, ఆ తాడుతోనే.