అమ్మ ఎర్ర గద్వాల చీరె

పొద్దుగాల నాచారంల మా ఇంట్ల ఇనుప సందుక తెరిస్తే ఎండిన వేపాకు వాసన గుప్పుమన్నది. మీకు యాదికున్నదా, మన అమ్మలు పట్టుచీరెలు దాసిన తీరు?

మా అమ్మ తన ఎర్ర గద్వాల చీరెను నాయిన పాత ధోతిల సుట్టి పెట్టేది. వానకాలం పోంగనే నీడకు ఆరేసి, మడతలు మార్చేది. "ఎప్పుడు ఒక్కతీరుగ మడిస్తె జరీ అక్కడ్నే పగులుతది బిడ్డా" అనేది. గా చీరెను కత్తిరించి లెహంగా కుట్టియ్యమని ఇప్పుడు మా ఇంట్ల అంటున్నరు. నేను కత్తెర తాకనియ్య.

నాయిన పోయినంక ఉప్పల్ నుంచి మా మేనత్త వచ్చింది. "ఎర్ర చీరె ఇంక నీకెందుకు వదినా? ఎవరికన్నా ఇచ్చెయ్" అన్నది.

అమ్మ సందుకకు తాళమేసింది. "కొనిచ్చిన మనిషి పోయిండు గాని, చీరె నాదే" అన్నది. ఏడాదికోసారి ఆరేసుడు మాత్రం ఆపలే.

నా పెండ్లినాడు అదే చీరె కట్టుకొని మండపానికొచ్చింది. అందరు గుసగుసలు పెట్టిన్రు. మేనత్త దగ్గరికొచ్చి, "జర ఎనక కూసో వదినా" అన్నది.

"నా బిడ్డ పెండ్లి. నేనెందుకు ఎనక కూసుంట?" అని అమ్మ నా పక్కకే వచ్చి కూసున్నది. నేను ఆమె చెయ్యి పట్టుకున్న. తాళి కట్టేదాంక ఇడువలే.