తొందరపడి చెప్పిన సాక్ష్యం

సహోదరీ సహోదరులారా, నిలబడి మాట్లాడే ఓపిక లేదు, కూర్చునే చెబుతాను, ఏమీ అనుకోకండి. నేను యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ మెస్‌లో వంట చేసే సునందను. పోయిన ఏడాది ఇదే తార్నాక సంఘంలో నేనొక సాక్ష్యం చెప్పాను, మీరందరూ చప్పట్లు కొట్టారు. ముట్లు ఆగిన ఆరేళ్లకు మళ్లీ రక్తం కనబడిందని, మూడు రోజుల ఉపవాసంతో దేవుడు ఆపేశాడని, డాక్టరు గడప కూడా తొక్కలేదని గొప్పగా చెప్పుకున్నాను.

పదిహేను రోజులకే మళ్లీ మొదలైంది. ఎవరితో చెప్పను? చెబితే నా సాక్ష్యం అబద్ధమైపోతుంది కదా! ఐదు నెలలు ముదురు రంగు చీరలే కట్టుకుని, గుడ్డలు మార్చుకుంటూ, అంతంత గిన్నెలు ఎత్తి దించుతూ, ఆదివారం వస్తే మీ ముందు నవ్వుతూ తిరిగాను, ఎంత అలసిపోయానో ఆయనకే తెలుసు. ఒకరోజు మెస్ స్టోర్ రూంలో బియ్యం బస్తా మీద కూలబడి ప్రార్థించాను: "ప్రభువా, నీ పేరు పోతదని కాదు, నా పేరు పోతదని నోరు మూసుకున్న. ఇగ నాతోని అయితలేదు, నన్ను లేపు." ఆ మధ్యాహ్నమే ఆటో ఎక్కి ఆస్పత్రికి వెళ్లాను.

గర్భసంచిలో కేన్సర్ అన్నారు. ఆ మాట కంటే ఎక్కువగా నన్ను భయపెట్టింది ఆ ఐదు నెలలే. నేను దాచినన్నాళ్లూ అది పాకి ఉంటే? డాక్టరమ్మ నిదానంగా చెప్పింది: "గర్భసంచి తీసే ఆపరేషన్ల, దాని మూతికాడ పచ్చ రంగు మందు ఎక్కిస్తం అమ్మా. అది రెండు దిక్కుల ముందుగాల ఏ లింఫ్ గడ్డకు, అంటే ఒంట్ల నీరు వడగట్టే చిన్న బిళ్లకు, చేరుతదో అది కెమెరాల మెరుస్తది. రోగం పాకినా ముందు గాడికే పోతది. వాటిని తీసి పరీక్ష చేస్తం. అవి మంచిగుంటే మిగతావి తీసే పని లేదు. అన్నీ తీస్తే కాళ్లు వాచే భయం ఉంటది." పొద్దంతా పొయ్యి ముందు నిలబడేదాన్ని, కాళ్లు పోతే నాకు బతుకేముంది?

ఆపరేషన్ అయ్యాక రిపోర్టుకు పది రోజులు పట్టింది. స్వస్థత అడగడానికి నాకు ముఖం చెల్లలేదు. "ఏదొస్తే అదే చెప్త ప్రభువా, ఈసారి దాచ" అని మాత్రం అన్నాను. మెరిసిన గడ్డలు రెండు, రెండింటిలోనూ కేన్సర్ లేదు. దేవునికే మహిమ!

మళ్లీ రాకుండా ఇచ్చే రేడియేషన్ అయింది, నీరసం ఇంకా వదల్లేదు, మూడు నెలలకోసారి రమ్మన్నారు, అందుకే పూర్తిగా బాగైపోయానని ఈరోజు చెప్పను. దాచుకునే భయం నుంచి మాత్రం ఆయన నన్ను విడిపించాడు, అది చెప్పగలను. అక్కలారా, మీలో ఎవరైనా నాలాగా దాస్తుంటే, ఇక్కడ నిలబడి సాక్ష్యం చెప్పేసినవాళ్లయినా సరే, ఆయన్ని నమ్మి నాతో ఒక్క మాట చెప్పండి. రేపు సోమవారం, మీ వెంట ఆస్పత్రికి నేనొస్తాను.