చదివించినోళ్ల పేర్లు

గోదావరిఖనిలో పెళ్లి వీడియోలు తయారుచేసే ఆయన్ని అందరం మిక్సింగన్న అనేవాళ్లం. కొన్ని కంప్యూటర్లలో వీడియో ఆడదని, ఉచితంగా దొరికే ప్లేయరు సాఫ్ట్‌వేరును కూడా డిస్కులో ఎక్కించి ఇచ్చేవాడు. ఆ ప్లేయరు లోపల శబ్దానికొకటి, బొమ్మకొకటి ఎవరెవరో రాసిన ప్రోగ్రాములుంటాయి. ఎవరికైనా పంచుకోవచ్చు, కానీ రాసినవాళ్ల పేర్లూ వాళ్ల అనుమతి పత్రమూ వెంట ఉండాలి. నోరు తిరగని ఆ పేర్లను తెర మీద ఓసారి చూసుకున్నాకే డిస్కు చేతికిచ్చేవాడు.

మా అక్క పెళ్లి డిస్కుకు మాత్రం మరిచిపోయాడు. నెల తర్వాత గుర్తొచ్చి, మా క్వార్టరు గుమ్మంలో తల వంచుకుని నిలబడి అమ్మతో అన్నాడు.

"అక్కా, ఆ డిస్కు ఇయ్యి, మల్ల చేసిస్త. ప్లేయర్ చేసినోళ్ల పేర్లు ఇడిసిపెట్టిన."

"వాళ్లేమన్న ఖనికొచ్చి అడుగుతరా ఏంది?" అని బాపు పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ముఖం దాచుకోవాలనిపిస్తుంది.

"అడగరు బావా. మనం అడగకుంటనే ఇచ్చిండ్రు గదా, గందుకే సిగ్గయితాంది. పెండ్లిల కట్నం చదివించినోళ్ల పేరు మైకుల చెప్పకుంటె ఎట్లుంటది?"

అమ్మ నవ్వలేదు. అక్క పెళ్లికి ఎదురు క్వార్టరామె ఇత్తడి బిందె తెచ్చింది. మైకులో ఆమె పేరు రాలేదు. అన్నం తినకుండానే వెళ్లిపోయి, మళ్లీ మా గడప తొక్కలేదు. ఆమెకే కోపమెక్కువని మేం చెప్పుకున్నాం.

అమ్మ డిస్కు తెచ్చి ఆయన చేతిలో పెట్టి, బాపు వైపు తిరిగింది.

"నడువు, ఎదురు క్వార్టరామెతోని మాట్లాడి వద్దాం. మైకు పట్టుకున్నది నువ్వే గదా."